కొవ్వు మోసే కబురు: స్ఫింగోలిపిడ్లు, వాటి రిసెప్టర్లు

కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి అనే మన వరసలో ఇవాళ ఒక కొవ్వు గురించి చెప్పుకుందాం. కొవ్వు అనగానే మనకి నెయ్యి, నూనె, పెరిగిన నడుము గుర్తొస్తాయి. అంటే ఒళ్లు దాచిపెట్టుకున్న తిండి. ఇవాళ్టి కొవ్వు పని వేరు. ఇది కబురు మోస్తుంది. ఏ కణం బతకాలి, ఏది చావాలి, ఏది ఎక్కడికి వెళ్లాలి అన్న కబుర్లు మోస్తుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? చూడండి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి ఫింగోలిమోడ్ అని ఒక క్యాప్సూల్ ఉంది. అది వాడేవాళ్ల రక్తపరీక్షలో లింఫోసైట్లు, అంటే తెల్లకణాల్లో ఒక రకం, బాగా తగ్గిపోయి కనిపిస్తాయి. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో వెయ్యికి పైన ఉండేవి 500 దగ్గరికి దిగిపోతాయి. రిపోర్టు చూసిన ఇంట్లోవాళ్లకి గుండె గుభేలుమంటుంది. "మందే రోగనిరోధక శక్తిని చంపేస్తోంది, ఆపెయ్" అంటారు. అలా సొంతంగా ఆపెయ్యడం చాలా ప్రమాదం. ఎందుకంటే ఆ కణాల్లో చాలావరకు చావలేదు, ఒంట్లోనే ఉన్నాయి. మరి రక్తంలో ఎందుకు కనబడటం లేదు? దీనికి జవాబు తెలిస్తే ఇవాళ్టి విషయం సగం తెలిసినట్టే.

యక్షప్రశ్న లాంటి పేరు

ముందు ఈ పేరు సంగతి చూద్దాం. యోహాన్ లూడ్విక్ థూడికుమ్ అని ఒక డాక్టరు. జర్మనీలో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డాడు. మెదడు ఏయే రసాయనాలతో తయారైంది అని ఏళ్ల తరబడి పరిశోధన చేసి 1884లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. మెదడులోంచి తీసిన పదార్థాల్లో ఒకదాని స్వభావం ఆయనకి అంతుపట్టలేదు. గ్రీకు కథల్లో స్ఫింక్స్ అని ఒక వింత జీవి ఉంటుంది. దారిన పోయేవాళ్లని ఆపి పొడుపుకథ వేస్తుంది, చెప్పలేకపోతే చంపేస్తుంది. మన భారతంలో చెరువు దగ్గర యక్షుడు ప్రశ్నలు అడిగినట్టే అన్నమాట. ఆ స్ఫింక్స్ పేరు మీద ఈ పదార్థానికి స్ఫింగోసిన్ అని పేరు పెట్టాడు. దాని మీద కట్టుకున్న కొవ్వులన్నిటినీ ఇప్పుడు స్ఫింగోలిపిడ్లు అంటున్నాం.

పేరు బాగానే కుదిరింది. తర్వాత దాదాపు నూరేళ్లపాటు ఇవి కణత్వచంలో ఇటుకల్లాంటివి, గోడ కట్టడానికి తప్ప వేరే పనికి రావు అనే అందరూ అనుకున్నారు. గోడలోని ఇటుకే ఉత్తరం కూడా అవుతుంది అని ఎవరూ ఊహించలేదు.

ఒకే వెన్ను, మూడు వేషాలు

ఇప్పుడు కొంచెం రసాయనశాస్త్రం. భయపడకండి, మూడు పేర్లు గుర్తుంటే చాలు.

స్ఫింగోసిన్ అనేది 18 కార్బన్ల పొడుగాటి గొలుసు. ఒంట్లో దీని తయారీ సెరిన్ అనే అమినో ఆమ్లం, పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు కలవడంతో మొదలవుతుంది. ఈ స్ఫింగోసిన్‌కి ఇంకో కొవ్వు ఆమ్లం తగిలిస్తే సెరమైడ్. చర్మానికి రాసుకునే క్రీముల మీద సెరమైడ్ అని రాసి ఉంటుంది చూశారా, అదే కుటుంబం. చర్మం పైపొరలో అది నీరు ఆరిపోకుండా పూతలాగా పనిచేస్తుంది. సెరమైడ్‌కి ఫాస్ఫోకోలిన్ అనే ముక్క తగిలిస్తే స్ఫింగోమైలిన్ అవుతుంది. కణత్వచంలో, నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగులో ఇది ఉంటుంది. ఇది గోడ సరుకు.

ఇక మూడోది. స్ఫింగోసిన్‌కి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తే స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్. పలకడానికి కష్టం కాబట్టి అందరూ ఎస్1పి అంటారు. ఇవాళ మన కథానాయకుడు ఇదే.

గమ్మత్తేంటంటే ఇవి ఒకదాన్నుంచి ఒకటి నిమిషాల్లో మారిపోగలవు. గోడలోని స్ఫింగోమైలిన్‌ని ఒక ఎంజైమ్ కోస్తే సెరమైడ్ వస్తుంది. సెరమైడ్‌ని ఇంకోటి కోస్తే స్ఫింగోసిన్. దానికి స్ఫింగోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ పెడితే ఎస్1పి. కొత్తగా సరుకు తెచ్చుకునే పని లేదు, గోడలోంచే తీసుకోవచ్చు.

మరి వీటి అర్థాలు చూస్తే ఎదురుబొదురు. 1993లో లీనా ఒబీద్, యూసఫ్ హన్నున్ బృందం కణాలకి సెరమైడ్ తగిలిస్తే అవి పద్ధతి ప్రకారం తమంతట తామే చనిపోతున్నాయని చూపించింది. 1996లో సారా స్పీగెల్ బృందం ఎస్1పి దానికి అడ్డుపడి కణాన్ని బతికిస్తోందని చూపించింది. అంటే ఇది కావడి లాంటిది. ఒకవైపు సెరమైడ్ బరువెక్కితే కణం చావు వైపు మొగ్గుతుంది, రెండోవైపు ఎస్1పి బరువెక్కితే బతుకు వైపు మొగ్గుతుంది. మధ్యలో కైనేజ్ ఎంజైమ్ బరువుని ఇటునుంచి అటు మారుస్తుంటుంది. క్యాన్సర్ మందులు, రేడియేషన్ తగిలినప్పుడు చాలా కణాల్లో సెరమైడ్ పెరుగుతుంది. అనేక రకాల కణితుల్లో ఈ కైనేజ్ ఎక్కువగా ఉండటం కూడా చూశారు. కణితి తన కావడిని బతుకు వైపు వంచుకుంటోంది అన్నమాట. ఇది మరీ సులువు చేసి చెప్పిన బొమ్మే, కణం రకాన్ని బట్టి తేడాలుంటాయి, కానీ మొదటి మెట్టుగా బాగా పనికొస్తుంది.

వినే చెవి దొరికింది

ఇదంతా కణం లోపలి సంగతి. ఎస్1పి కణం బయటికి కూడా వస్తుంది. రక్తంలో తిరుగుతుంది. మరి దాన్ని వినే చెవి ఏది?

1990లో తిమోతి హ్లా, థామస్ మాసియాగ్ రక్తనాళాల లోపలి పొర కణాల్లో ఒక కొత్త జన్యువుని పట్టుకున్నారు. అది తయారుచేసే ప్రోటీన్ చూడబోతే రిసెప్టర్‌లాగా ఉంది. రిసెప్టర్ అంటే గ్రాహకం, కబురు అందుకునే ప్రోటీన్. కణత్వచంలోంచి లోపలికీ బయటికీ ఏడుసార్లు మడతలు పడి ఉండే పెద్ద కుటుంబం ఒకటుంది. అడ్రినలిన్‌ని, వాసనల్ని, వెలుతురుని పట్టుకునేవి కూడా ఆ కుటుంబమే. ఇదీ అందులోదే. కానీ దీనికి ఏ కబురు వస్తుందో తెలియదు. అలాంటివాటిని అనాథ రిసెప్టర్లు అంటారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1998లో, హ్లా బృందమే ఆ కబురు ఎస్1పి అని తేల్చింది. ఇప్పుడు అలాంటివి ఐదు తెలుసు. ఎస్1పి రిసెప్టర్ 1 నుంచి 5 దాకా అంటాం.

ఐదెందుకు? ఒకే కబురుకి వేరువేరు కణాలు వేరువేరుగా స్పందించాలి కాబట్టి. ఒకటో రిసెప్టర్ ఎక్కువగా కణాన్ని ఎస్1పి ఉన్న వైపు నడిపిస్తుంది. రెండో రిసెప్టర్ చాలాచోట్ల కణాన్ని కదలకుండా ఆపుతుంది. ఉత్తరం ఒకటే. ఒకరు చదివి "రా" అనుకుంటారు, ఇంకొకరు చదివి "ఆగు" అనుకుంటారు. అర్థం ఉత్తరంలోనే మొత్తం లేదు, చదివేవాళ్లలో కూడా ఉంది.

2012లో ఒకటో రిసెప్టర్ ఆకారం స్ఫటికాల ద్వారా బయటపడింది. చాలా రిసెప్టర్లకి కబురు బయటి నీళ్లలోంచి వచ్చి పైనున్న నోట్లో పడుతుంది. దీనికి ఆ నోటి మీద మూత ఉంది. మరి కొవ్వు ఎలా వెళ్తుంది? పక్క గుమ్మంలోంచి. కణత్వచమే కొవ్వు కదా, ఎస్1పి ఆ పొరలో కలిసి, పక్కకి జారి రిసెప్టర్‌లో దూరుతుందని ఆ ఆకారం సూచించింది. కొవ్వుకి నీళ్లు పడవు కాబట్టి ఈ ఏర్పాటు సబబుగానే ఉంది.

రక్తంలోనూ అదే ఇబ్బంది. ఎస్1పి ఒంటరిగా ప్రయాణం చెయ్యలేదు. ఎక్కువ భాగం హెచ్‌డీఎల్ మీద, అంటే మనం మంచి కొలెస్ట్రాల్ అంటామే, దానిమీద ఉండే అపోఎమ్ అనే ప్రోటీన్ పట్టుకుని తిరుగుతుంది. మిగతాది ఆల్బుమిన్ పట్టుకుని పోతుంది.

ఇంగువ వాసన ఎవరికి తెలుస్తుంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

ఎస్1పి ఒంట్లో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రక్తంలో బాగా ఎక్కువ, సుమారు 1 మైక్రోమోలార్. లింఫ్ ద్రవంలో అంతకంటే తక్కువ. లింఫ్ గ్రంథుల లోపల, మిగతా కణజాలాల్లో చాలా చాలా తక్కువ. ఈ తేడా ఎలా వచ్చింది? ఎర్ర రక్తకణాల్లో ఎస్1పిని తయారుచేసే కైనేజ్ ఉంది, దాన్ని పూర్తిగా ముక్కలు చేసే లయేజ్ అనే ఎంజైమ్ లేదు. కాబట్టి వాటిలో నిల్వ పెరిగి, రక్తంలోకి వస్తూ ఉంటుంది. రక్తనాళాల లోపలి పొర కూడా కొంత పంపిస్తుంది. లింఫ్ నాళాల లోపలి పొర లింఫ్‌లోకి పంపిస్తుంది. కణజాలాల లోపల మాత్రం లయేజ్ చీపురు పట్టుకుని ఊడ్చినట్టు ఎస్1పిని ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉంటుంది.

ఈ తేడాతో పనేంటి? లింఫోసైట్ల ప్రయాణం అంతా దీనిమీదే నడుస్తుంది. లింఫోసైట్ రక్తంలో తిరుగుతూ ఒక లింఫ్ గ్రంథిలోకి వెళ్తుంది. అక్కడ ఏదైనా సూక్ష్మజీవి జాడ ఉందేమో వెతుకుతుంది. సుమారు ఒక రోజు వెతికి, ఏమీ లేకపోతే బయటికి వచ్చి లింఫ్‌లో కలిసి, చివరికి మెడ కింద పెద్ద సిరలో మళ్లీ రక్తంలోకి చేరుతుంది. మళ్లీ ఇంకో గ్రంథి. జీవితమంతా ఇలా గస్తీయే.

మరి బయటికి దారి ఎలా తెలుస్తుంది? వంటింట్లో ఇంగువ పోపు పెట్టారనుకోండి. అక్కడే నిలబడ్డవాళ్లకి కాసేపయ్యాక ఆ వాసన తెలియదు. ముక్కు అలవాటు పడిపోతుంది. అదే మనిషి పెరట్లోకి వెళ్లి కాసేపుండి తిరిగి వస్తే గుమ్మం దగ్గరే గుప్పున తగులుతుంది. లింఫోసైట్ అంతే. రక్తంలో ఉన్నప్పుడు చుట్టూ ఎస్1పి ఎక్కువ కాబట్టి, ఒకటో రిసెప్టర్ని కణం లోపలికి లాగేసుకుంటుంది. చెవులు మూసుకున్నట్టు. లింఫ్ గ్రంథిలోకి వెళ్లాక అక్కడ ఎస్1పి దాదాపు లేదు, కాబట్టి గంటల్లో రిసెప్టర్ మళ్లీ పైకి వస్తుంది. అప్పుడు పక్కనే ఉన్న లింఫ్ నాళంలో ఎస్1పి దానికి "ఇటు దారి" అని వినిపిస్తుంది. అటు నడిచి బయటపడుతుంది. 2004లో జేసన్ సిస్టర్ బృందం ఎలుకల్లో ఈ ఒకటో రిసెప్టర్ లేకుండా చేసి చూసింది. లింఫోసైట్లు గ్రంథుల్లోకి వెళ్లాయి, బయటికి రాలేదు.

ఇంకో ఋజువు కూడా ఉంది. తిండి పదార్థాలకి గోధుమరంగు ఇచ్చే ఒక రకం క్యారమెల్ రంగులో టీహెచ్‌ఐ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకల రక్తంలో లింఫోసైట్లు తగ్గిపోవడం ఎప్పుడో చూశారు, కారణం తెలియలేదు. 2005లో తెలిసింది. అది లయేజ్‌ని ఆపేస్తోంది. ఊడ్చేవాళ్లు లేక గ్రంథుల లోపల కూడా ఎస్1పి పేరుకుపోయింది. లోపలా వాసనే, బయటా వాసనే. ఇంక దారేది? లింఫోసైట్లు లోపలే చిక్కుపోయాయి. దీన్ని చూసి రంగు వేసిన తిండికి భయపడకండి. అది ఎలుకలకి పనిగట్టుకుని ఇచ్చిన మోతాదు. తిండిలో వాడే రంగుకి ఎంత ఉండొచ్చో హద్దు పెట్టారు. మనకి కావలసిన పాఠం ఏంటంటే, ఇక్కడ ఎస్1పి తగ్గలేదు, పెరిగింది. అయినా కబురు పోయింది. ఎందుకంటే కబురు ఎస్1పిలో లేదు, రెండు చోట్ల మధ్య ఉన్న తేడాలో ఉంది.

గజ్జల్లో బిళ్ల కట్టడం

ఇది మీ అందరికీ అనుభవమే. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. చేతికైతే చంకలో. ఆ బిళ్ల లింఫ్ గ్రంథే. ఎందుకు ఉబ్బుతుంది? లోపలికి వచ్చే కణాలు ఎక్కువవుతాయి, కణాలు విభజన చెంది పెరుగుతాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు పుట్టే ఇంటర్‌ఫెరాన్లు లింఫోసైట్ల మీద సీడీ69 అనే ప్రోటీన్‌ని పైకి తెస్తాయి. అది ఒకటో రిసెప్టర్‌ని పట్టుకుని కిందికి లాగేస్తుంది. అంటే బయటికి దారి కొంతసేపు మూసేస్తారు. "ఇక్కడ పనుంది, ఎవరూ వెళ్లకండి" అని. సరైన లింఫోసైట్ సరైన సూక్ష్మజీవిని కలుసుకునే అవకాశం పెరుగుతుంది. ఒళ్లు తనంతట తాను వాడే ఈ ఉపాయాన్నే ఒక మందు అరువు తెచ్చుకుంది.

పురుగు మీది బూజు నుంచి క్యాప్సూల్ దాకా

జపాన్‌లో తెత్సురో ఫుజితా అని క్యోటో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త. పురుగుల మీద పెరిగే ఒక శిలీంధ్రం నుంచి రోగనిరోధక శక్తిని అణిచే మైరియోసిన్ అనే పదార్థాన్ని ఆయన బృందం తీసింది. అది బాగా పనిచేసింది కానీ విషం కూడా ఎక్కువే. దాని ఆకారాన్ని కోసి, సులువు చేసి 1990లలో ఎఫ్‌టీవై720 అనే కొత్త అణువు చేశారు. చూడ్డానికి అది స్ఫింగోసిన్ లాగే ఉంటుంది. దానికే తర్వాత ఫింగోలిమోడ్ అని పేరొచ్చింది.

మొదట కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకి ఇచ్చి చూశారు. ఉన్న మందుల కంటే మేలని తేలలేదు, వదిలేశారు. ఈలోగా 2002లో రహస్యం బయటపడింది. ఒంట్లోకి వెళ్లాక మన సొంత స్ఫింగోసిన్ కైనేజే దీన్ని స్ఫింగోసిన్ అనుకుని ఫాస్ఫేట్ తగిలిస్తోంది. అప్పుడు అది ఎస్1పి లాంటి వేషం వేసి రిసెప్టర్ల మీద కూర్చుంటోంది. మామూలు ఎస్1పి కూర్చుంటే రిసెప్టర్ లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. ఇది కూర్చుంటే రిసెప్టర్ లోపలికి వెళ్లి అక్కడే ధ్వంసమైపోతుంది. ఇంగువ వాసన తెలియని ముక్కు అన్నమాట. లింఫోసైట్‌కి దారి తెలియదు, గ్రంథిలోనే ఉండిపోతుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దారితప్పిన లింఫోసైట్లు మెదడుకి, వెన్నుపాముకి వెళ్లి మైలిన్ తొడుగుని కొరుకుతాయి. అవి గ్రంథిలోంచి బయటికే రాకపోతే మెదడు దాకా వెళ్లవు. 2010లో వచ్చిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి ఏడాదికి సగటున 0.40 సార్లు జబ్బు తిరగబెడితే, 0.5 మిల్లీగ్రాముల ఫింగోలిమోడ్ వేసుకున్నవాళ్లకి 0.18 సార్లు తిరగబెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. సూది లేకుండా నోటితో వేసుకుని ఈ జబ్బు దాడుల్ని తగ్గించే మందుల్లో అక్కడ అదే మొదటిది. తర్వాత సిపోనిమోడ్, ఒజానిమోడ్, పోనెసిమోడ్ వచ్చాయి. ఒజానిమోడ్, ఎట్రాసిమోడ్ పెద్దపేగు పుండ్ల జబ్బుకి, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌కి కూడా వాడుతున్నారు.

ఈ కథ తెలిస్తే మందు జాగ్రత్తలు అర్థమవుతాయి

ఇక్కడిదాకా విన్నందుకు ఫలితం ఇదే. డాక్టర్లు చెప్పే జాగ్రత్తలు ఇప్పుడు బట్టీ పట్టక్కర్లేదు.

మొదటి మోతాదు వేశాక ఆరు గంటలు ఆసుపత్రిలో ఎందుకు ఉంచుతారు? గుండె పై గదుల కణాల మీద కూడా ఈ రిసెప్టర్లు ఉన్నాయి. మందు మొదట వాటిని మేల్కొలుపుతుంది, తర్వాతే మాయం చేస్తుంది. ఆ మేల్కొన్న కాసేపట్లో నాడి నెమ్మదిస్తుంది. అందుకే గంటగంటకీ నాడి, బీపీ చూస్తారు, ముందూ వెనకా ఈసీజీ తీస్తారు. రిసెప్టర్లు మాయమయ్యాక ఆ బెడద తగ్గుతుంది. మరి మొదటి నెల దాటాక 14 రోజులకి మించి మందు ఆపి, మళ్లీ మొదలెడితే? రిసెప్టర్లు మళ్లీ పైకి వచ్చి ఉంటాయి. కాబట్టి మళ్లీ ఆరు గంటలు కూర్చోవాల్సిందే. మొదటి నెలలో అయితే ఇంకా తక్కువ రోజులు ఆపినా చాలు. ఊరెళ్తూ మాత్రలు మర్చిపోయారా, ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

కంటి పరీక్ష ఎందుకు? రక్తనాళాల లోపలి పొర కణాల్ని బిగువుగా పట్టి ఉంచేది కూడా ఒకటో రిసెప్టరే. అది తగ్గితే నాళాలు కొంచెం కారవచ్చు. కొద్దిమందికి కంటి రెటీనా మధ్యలో నీరు చేరుతుంది. అందుకే మొదలెట్టేముందు, మళ్లీ మూడు నాలుగు నెలలకి కళ్లు చూపించుకోమంటారు.

ఆటలమ్మ గురించి ఎందుకు అడుగుతారు? గస్తీ తగ్గింది కదా. కాబట్టి ముందే పరీక్ష చేసి, అవసరమైతే టీకా వేసి, ఒక నెల ఆగి మందు మొదలెడతారు. మందు వాడుతుండగా బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు వద్దు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి, మందు ఆపాక రెండు నెలలు ఆగాలి.

చివరిగా ఆ రిపోర్టు సంగతి. లింఫోసైట్లు తగ్గడం ఈ మందు పనిచేసే పద్ధతే. అయితే ఎంత తగ్గినా పర్లేదు అని అర్థం కాదు. మరీ దిగితే, జ్వరం, తలనొప్పి, చూపులో తేడా వస్తే డాక్టరు చూడాలి, అరుదైనా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. కానీ అంకె చూసి మీరే ఆపెయ్యకండి. ఆపితే ఒకటి రెండు నెలల్లో గ్రంథుల తలుపులు తెరుచుకుని కణాలన్నీ రక్తంలోకి వస్తాయి. కొందరికి జబ్బు ముందుకంటే తీవ్రంగా తిరగబెట్టి, నడక కూడా పోయింది. 2018లో అమెరికా ఔషధ సంస్థ దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఆపాలన్నా, మార్చాలన్నా ఒక లెక్క ప్రకారం డాక్టరే చెయ్యాలి.

మెదడులోంచి తీసిన పదార్థం అర్థంకాక థూడికుమ్ దానికి పొడుపుకథ పేరు పెట్టాడు. నూట పాతికేళ్లకి దాని పోలికలోనే చేసిన మందు మెదడుని కాపాడటానికి వచ్చింది. పొడుపుకథ పూర్తిగా విడిపోలేదు. ఐదు రిసెప్టర్లలో మనం ఇవాళ ఎక్కువగా ఒక్కదాని గురించే మాట్లాడాం. సెరమైడ్, గుండె జబ్బుల సంబంధం ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే ఈ భాగం వాళ్లకి వినిపించండి.